అడిగే వంతు పిల్లలకివ్వండి

ఒకరు మనసులో ఒక వస్తువునో, ఊరినో, మనిషినో అనుకుంటారు. మిగతావాళ్ళు అవును, కాదు అని మాత్రమే జవాబొచ్చే ప్రశ్నలు వేసి, ఇరవై ప్రశ్నల్లోపు అదేంటో పట్టుకోవాలి. ఈ ఆట ఆడనివాళ్ళు మనలో దాదాపు ఉండరు. బస్సుల్లో ఆడాం, కరెంటు పోయిన రాత్రుల్లో మిద్దె మీద ఆడాం, పెళ్ళికి పోయినచోట విడిదింట్లో చాపల మీద పడుకుని ఆడాం. దీన్ని పిల్లల కాలక్షేపం అని తీసిపారేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపం ఎందుకో ఈ రోజు కాస్త వివరంగా రాస్తాను, ఓపికుంటే చదవండి.

మొదట ఫోన్ సంగతి. ఆకినేటర్ అని ఒక ఆట ఉంది. ఎలోకెన్స్ అనే ఫ్రెంచి కంపెనీ 2007లో తెచ్చింది. తెర మీదికి తలపాగా పెట్టుకున్న జీనీ వచ్చి, ఎవరినైనా మనసులో అనుకోమంటుంది. తనే ప్రశ్నలు వేస్తుంది. అవును, కాదు, తెలియదు అని మనం నొక్కుకుంటూ పోతే కాసేపటికి పేరు చెప్పేస్తుంది. దాని పనితనం గొప్పదే, నేను కాదనను. కానీ మా అక్క పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. ప్రశ్నలన్నీ యంత్రం వేస్తోంది, పిల్లలు వేలితో నొక్కుతున్నారు. ఏం అడగాలి, ముందు ఏది అడగాలి, ఈ జవాబు వచ్చాక ఇంకేం మిగిలింది అని బుర్ర పెట్టాల్సిన పనంతా ఫోన్‌కు పోయింది. పిల్లలకు మిగిలింది నొక్కడం. పేరు కరెక్టుగా చెప్పేసరికి చప్పట్లు కొడుతున్నారు కూడా. నాకు మాత్రం బాధేసింది, ఆ చప్పట్లు వాళ్ళకు రావాల్సినవి.

బడిలోనూ ఇదే వరస. ప్రశ్న టీచరుది, గైడుది, పరీక్ష పేపరుది. జవాబు మాత్రం పిల్లలది. పదో తరగతి దాటేసరికి ఒక పిల్ల రాసిన జవాబులు నోటు పుస్తకాల కొద్దీ ఉంటాయి, తనంతట తాను ఆలోచించి వేసిన ప్రశ్నలు ఎక్కడా ఉండవు. ఇప్పుడు కోచింగుల పుణ్యమా అని జవాబు కూడా రాయక్కర్లేదు, నాలుగింట్లో ఒకటి దిద్దితే చాలు. మా అక్క కూతురు తన క్లాసులో, చెరువు నీళ్ళు ఎండకు ఎక్కువ పోతాయా, భూమిలోకి ఎక్కువ ఇంకిపోతాయా అని అడిగిందంట. అది సిలబస్‌లో లేదు, కూర్చో అన్నారంట. అనంతపురం జిల్లాలో పుట్టిన పిల్ల అడగాల్సిన ప్రశ్న అంతకన్నా ఇంకేముంటుంది? ఆ తర్వాత చాలా రోజులు ఆ క్లాసులో చెయ్యి ఎత్తలేదు.

అందుకే ఇంట్లో ఫోన్ పక్కన పెట్టించి పాత ఆట మొదలుపెట్టాను. మా ఊళ్ళతోనే. 2022 ఏప్రిల్ 4న మా జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి అని రెండైంది కదా, పాత జిల్లాలోంచి పద్నాలుగు పేర్లు పలక మీద రాశాం. అనంతపురం, గుత్తి, గుంతకల్లు, తాడిపత్రి, రాయదుర్గం, ఉరవకొండ, కళ్యాణదుర్గం ఒకవైపు. ధర్మవరం, కదిరి, హిందూపురం, పెనుకొండ, పుట్టపర్తి, మడకశిర, లేపాక్షి ఇంకోవైపు. ఇందులో ఒకటి నేను అనుకున్నాను, మీరు అడగండి అన్నాను.

అక్క పిల్లల్లో చిన్నది వెంటనే "లేపాక్షా చిన్నమ్మా?" అంది. కాదన్నాను. "పుట్టపర్తా?" కాదు. "కదిరా?" కాదు. ముఖం చిన్నబోయింది. మూడు ప్రశ్నలు అయిపోయాయి, పద్నాలుగులో పోయింది మూడు ఊళ్ళే.

ఆరో తరగతి చదివే పెద్దోడు పలక వైపు కాసేపు చూసి, "అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయిందా?" అన్నాడు. కాదన్నాను. ఒక్క దెబ్బకు ఆవైపు ఊళ్ళన్నీ కొట్టేశాడు. "కొండ మీద పేరున్న కోట ఉందా?" అవును. గుత్తి, రాయదుర్గం మిగిలాయి. "మన్రో దొర చనిపోతే మొదట పూడ్చిపెట్టిన ఊరేనా?" అవును. 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను గుత్తిలో పూడ్చారని, తర్వాత అవశేషాలను మద్రాసుకు తీసుకుపోయారని వాడికి వాళ్ళ నాన్న గుత్తి కోట చూపించినప్పుడు చెప్పాడంట. పరీక్షలో ఎవరూ అడగని ఆ సంగతి ఇక్కడ పనికొచ్చింది. ఆ పిల్లోడి ముఖంలో వెలుగు చూడాలి.

ఇద్దరి తెలివిలో తేడా ఏమీ లేదు. చిన్నది జవాబు కోసం వెతుకుతోంది, పెద్దోడు ప్రశ్న కోసం వెతికాడు. ఎక్కడ అడిగితే మిగిలినవి సగానికి సగం తెగిపోతాయో చూసుకున్నాడు. ఈ సగం చేయడంలో ఉన్న బలం పిల్లలకు లెక్కలో చూపిస్తే కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. ఒకటి నుంచి నూరు దాకా ఏ అంకె అనుకున్నా ఏడు ప్రశ్నల్లో పట్టుకోవచ్చు. యాభై కన్నా పెద్దదా అని మొదలుపెట్టి సగం చేసుకుంటూ పోవడమే. వెయ్యి దాకా అయితే పది ప్రశ్నలు. ఇరవై ప్రశ్నలకైతే 10,48,576 వస్తువుల్లో ఒకదాన్ని విడదీయొచ్చు. పది ప్రశ్నలు పెరిగితే వెయ్యి కాస్తా పది లక్షలు దాటడం మా పెద్దోడు కాగితం మీద రెండుతో గుణించుకుంటూ పోయి తనే చూసుకున్నాడు. 1948లో క్లాడ్ షానన్ సమాచారాన్ని కొలిచే లెక్క రాశాడు. ఆ లెక్కలో సరిగ్గా సగానికి చీల్చే ఒక అవును-కాదు జవాబు విలువ ఒక బిట్. మన ఫోన్లలో తిరిగే ఫొటోలు, పాటలు అన్నీ ఆ బిట్లతోనే కొలుస్తున్నాం. చాప మీద కూర్చుని ఆడే ఆటకు, ఆ సిద్ధాంతానికి ఇంత దగ్గర చుట్టరికం ఉందని ఏ లెక్కల మాస్టారైనా క్లాసులో ఒకసారి చెబితే ఎంత బాగుంటుంది!

ఇక్కడ నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది "కాదు" అనే జవాబు. మన పిల్లలు ఆ మాట వింటే ముడుచుకుపోతున్నారు. కాదంటే తప్పు, తప్పంటే ఎర్ర ఇంకు అని వాళ్ళకు మనమే అలవాటు చేశాం. పెద్దోడి మొదటి ప్రశ్నకు వచ్చింది కూడా "కాదు" అనే కదా. ఆ కాదుతో మిగిలిన పదకొండు ఊళ్ళలో నాలుగు పోయాయి. అవునంటే ఏడు పోయేవి. సరిగ్గా సగానికి చీల్చే ప్రశ్నకైతే రెండు జవాబులూ ఒకే విలువ ఇస్తాయి. ఆడగా ఆడగా చిన్నదానికి కూడా ఇది పట్టుబడింది. ఇప్పుడు కాదంటే "హమ్మయ్య, అవన్నీ పోయినాయి" అంటోంది. ఆ మాట నేను నేర్పలేదు.

కాదు అనే జవాబు ఎంత పని చేస్తుందో మనం కరోనా రోజుల్లో చూశాం. టెస్టు కిట్లు తక్కువగా ఉన్నప్పుడు, 2020 ఏప్రిల్‌లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కొందరి శాంపిళ్ళు కలిపి ఒకే టెస్టు చేయొచ్చని చెప్పింది. కేసులు తక్కువున్న చోట్లలోనే చేయాలని, ఐదుకు మించి కలపకూడదని షరతు. "ఈ ఐదుగురిలో ఎవరికైనా ఉందా?" అని ఒకే ప్రశ్న. కాదని వస్తే ఐదుగురూ ఒక్క టెస్టుతో ఇంటికి పోవచ్చు. అవునని వస్తేనే విడివిడిగా చూడాలి. ఈ ఆలోచన కొత్తది కాదు. 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ అనే ఆయన అమెరికా సైన్యంలో చేరేవాళ్ళకు సిఫిలిస్ పరీక్షల కోసం ప్రతిపాదించాడు. కేసులు తక్కువున్న చోట్లలోనే అన్న షరతులో కూడా ఆట ఉంది. జబ్బు ఎక్కువగా ఉన్నచోట దాదాపు ప్రతి గుంపుకూ అవుననే వస్తుంది, మళ్ళీ అందరికీ విడిగా చేయాలి, ఆ ప్రశ్న వృథా. ఎప్పుడు ఏ ప్రశ్న వేయాలో ఎదురుగా ఉన్న పరిస్థితిని బట్టి ఉంటుందని పదేళ్ళ పిల్లలకు కూడా దీంతో చెప్పొచ్చు.

మా బోరు మోటారు ఆగిపోయినప్పుడు వచ్చే మెకానిక్ అన్నను చూస్తే కూడా నాకు ఇదే గుర్తొస్తుంది. చేతగానివాడు రాగానే మోటారు పైకి లాగించి ఖర్చు పెట్టిస్తాడు. ఈ అన్న ముందు స్టార్టరు దగ్గర నిలబడతాడు. ఇక్కడికి మూడు ఫేజులూ వస్తున్నాయా? వస్తుంటే వెనక లైనంతా వదిలేయొచ్చు. రాకపోతే మోటారు జోలికే పోనక్కర్లేదు. ఆయన చదివింది తక్కువని ఊళ్ళో అంటారు. నేనైతే ఆయన ప్రశ్న వేసే తీరును ఏ ఇంజనీరింగ్ కాలేజీకైనా తీసుకుపోయి చూపిస్తాను.

జవాబు చెప్పేవాళ్ళ బాధ్యత గురించి కూడా చెప్పాలి. పెద్దలు ఈ ఆటలో కూర్చుని, టీవీ చూస్తూ, ఏదో ఒకటి అనేస్తుంటారు. దయచేసి అలా చేయకండి. స్టానిస్లా ఉలామ్ అనే గణిత శాస్త్రవేత్త 1976లో అచ్చయిన తన ఆత్మకథలో ఒక ప్రశ్న వేశాడు. పది లక్షల్లో ఒక అంకె అనుకున్న మనిషి ఒక్కసారి అబద్ధం చెప్పొచ్చు అంటే ఎన్ని ప్రశ్నలు కావాలి? అబద్ధం లేకపోతే ఇరవై చాలు. ఒక్క అబద్ధానికి అవకాశమిస్తే ఇరవై ఐదు కావాలని తర్వాత లెక్కలు తేల్చాయి. అది కూడా ఒకసారి అబద్ధం రావచ్చని ముందే తెలిసిన ఆటలో. మీరు పరధ్యానంగా ఇచ్చిన తప్పు జవాబు పిల్లలకు తెలియనే తెలియదు. వాళ్ళు దాని మీద నమ్మకంతో కట్టుకుంటూ పోతారు, చివరికి తమకే బుర్ర లేదనుకుంటారు.

జాగ్రత్తగా జవాబు చెప్పడం అంటే మా అమ్మను చూడాలి. ఆమె వంతు వచ్చినప్పుడు ఏదో అనుకుంది. పిల్లలు మొదలుపెట్టారు.

"అవ్వా, అది తినేదా?" అవును.

"నేల పైన కాస్తుందా?" కాదు.

"అయితే వేరు. ముల్లంగి మాదిరి వేరేనా?" కాదు.

పెద్దోడు ఒప్పుకోలేదు. "నేల కింద ఉండి వేరు కాకపోతే ఎట్లా అవ్వా?" అన్నాడు. "అవును, కాదు అని చెప్పమంటివి కదరా, చెప్పినా. ఇంకోటి అడుగు" అంది మా అమ్మ.

"పువ్వు పూస్తుందా?" అవును. "పువ్వు కూడా నేల కిందనేనా?" కాదు.

కాసేపు ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. చిన్నదే అరిచింది, "చెనిక్కాయ!" అదే, వేరుశనగ.

ఆట అయిపోయింది కానీ మాటలు ఆగలేదు. పసుప్పచ్చ పువ్వు పైన పూస్తుందని, అది వాడిపోయాక ఊడ కిందికి దిగి మట్టిలోకి పోతుందని, ఆ ఊడ కొన దగ్గరే కాయ ఊరుతుందని, ఊడలు దిగే వేళకు నేలలో పదును లేకపోతే ఆ ఏడు పంట చేతికి రాదని మా అమ్మ చెప్పుకుంటూ పోయింది. అనంతపురంలో పుట్టి, రోజూ చట్నీలో చెనిక్కాయ తింటూ, అది వేరు అనుకుంటున్న పిల్లలకు ఆ రాత్రి మూడు కాదులు చాలా నేర్పాయి. ముందే పాఠంలా చెప్పి ఉంటే వినేవాళ్ళా? వాళ్ళు అడిగిన ప్రశ్న అడ్డం తిరిగింది కాబట్టి విన్నారు.

అలాగే ఇంకోసారి నీలం సంజీవరెడ్డి గారిని అనుకుంటే, "ఆయన కర్నూలులో పదవి చేశారా?" అని పెద్దోడు అడిగాడు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని, ఆయన అప్పుడు ఉప ముఖ్యమంత్రి. అవునన్నాను. చిన్నదానికి ఆట పక్కకు పోయింది. కర్నూలు రాజధానిగా ఉండేదా అని అదే పట్టుకుంది.

మనకు పొడుపు కథలు ఉన్నాయి కదా, ఇదెందుకు అని ఒక మామ అన్నాడు. పొడుపు కథలంటే నాకు ప్రాణం. వాటిలో మాటల అందం ఈ ఆటలో రాదు. కానీ అక్కడ సూచన ఇచ్చేది పొడిచేవాళ్ళు, విప్పేవాళ్ళకు తడితే తట్టినట్టు, లేకపోతే ఓటమి ఒప్పుకోవాలి. ఇక్కడ తట్టకపోయినా దారి ఉంటుంది, ఇంకో ప్రశ్న వేసుకుంటూ దగ్గరికి పోవచ్చు. చదువులో వెనకబడ్డారని ముద్ర పడిన పిల్లలు ఈ ఆటలో నిలబడటం నేను చూశాను. వాళ్ళకు జ్ఞాపకం తక్కువ కావచ్చు, ఓపికగా ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోవడం బాగా వచ్చు.

టీచర్లు ఎవరైనా చదువుతుంటే ఒక విన్నపం. వారానికి ఒకరోజు, సోషల్ పీరియడ్ చివరి పది నిమిషాలు ఇవ్వండి. ఒక పిల్ల ముందుకొచ్చి పాఠంలోంచో, ఊళ్ళోంచో ఒక మాట అనుకుని, కాగితం మీద రాసి మీకు ఇవ్వాలి. క్లాసంతటికీ కలిపి ఇరవై ప్రశ్నలు. ఒకసారి అడిగిన పిల్లలు ఆ రోజుకు మళ్ళీ అడగకూడదు, లేకపోతే ముందు బెంచీవాళ్ళే అన్నీ వేసేస్తారు. పేరు పెట్టి ఊహించడం పదో ప్రశ్న దాటాకే. ప్రతి ప్రశ్నా, దాని జవాబూ బోర్డు మీద రాయండి. ముందున్న పిల్లకు జవాబు తెలియని ప్రశ్న వస్తే మీరు చెప్పండి. మీకూ తెలియకపోతే ఆ ఒక్క ప్రశ్న మాత్రం తుడవకుండా ఉంచి, మర్నాటికి తెలుసుకుని రండి.