నాటకంలా ఉంటే తప్పేంటి?

సినిమా నచ్చకపోతే మనం తేలిగ్గా అనేసే మాట ఒకటుంది: 'నాటకంలా ఉంది'. ఒకటే గది, ఎడతెగని మాటలు ఉంటే చాలు, ఆ ముద్ర పడిపోతుంది. 1940లో హోవర్డ్ హాక్స్ తీసిన 'హిజ్ గర్ల్ ఫ్రైడే'లో ఉన్నవి సరిగ్గా అవే. కథ చాలావరకు కోర్టు భవనంలో విలేకరులు కాచుకుని కూర్చునే గదిలోనే నడుస్తుంది. అయినా 92 నిమిషాల్లో ఒక్కసారి కూడా ఆ గది ఇరుకనిపించదు.

మూలం 1928లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి వచ్చిన 'ది ఫ్రంట్ పేజ్' అనే నాటకం. రాసిన బెన్ హెక్ట్, చార్లెస్ మెకార్థర్ ఇద్దరూ షికాగో పత్రికల్లో పనిచేసినవాళ్లే. 1931లోనే ఒకసారి సినిమాగా వచ్చింది. మళ్లీ తీస్తూ హాక్స్ చేసిన పెద్ద మార్పు ఒక్కటే. నాటకంలో మగవాడైన రిపోర్టర్ హిల్డీ జాన్సన్‌ని ఆడమనిషిని చేశాడు. పైగా ఎడిటర్‌కి మాజీ భార్య! దాంతో మంచి రిపోర్టర్‌ని వదులుకోలేని ఎడిటర్ యావ కాస్తా, పెళ్లాన్ని వదులుకోలేని మొగుడి కపటంగా మారింది. ఏది ఉద్యోగం, ఏది ప్రేమ అన్నది వాళ్లకే తెలియదు.

ఇక వేగం. హిల్డీగా రోజాలిండ్ రసెల్, ఎడిటర్‌గా క్యారీ గ్రాంట్ ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటారు. వినడానికి గందరగోళమే, కానీ వెనక లెక్క ఉంది. డైలాగ్‌కి ముందూ వెనకా అక్కర్లేని మాటలు తగిలిస్తారు. ఒకరిమీద ఒకరు పడి మాట్లాడినా, మునిగిపోయేవి ఆ మాటలే. అసలు సంగతి మనకి చేరిపోతుంది. ఎక్కువ సినిమాల్లో కెమెరా చేసే పరుగు ఇక్కడ నాలుక చేస్తుంది.

అయితే దీన్ని సరదా కామెడీ అని చుట్టేయడం నాకిష్టం లేదు. ఎన్నికల్లో ఓట్ల కోసం ఒక అమాయకపు మనిషిని ఉరితీయించాలని మేయర్, షెరీఫ్ తొందరపడుతుంటారు. శిక్ష ఆపమంటూ గవర్నర్ ఉత్తర్వు తెచ్చినవాడికి ఉద్యోగం ఎరచూపి పంపేస్తారు. ఆ ఖైదీ మీద జాలిపడిన మాలీ కిటికీలోంచి దూకేస్తే, విలేకరులు ఒక్క క్షణం నిర్ఘాంతపోయి మళ్లీ పనిలో పడతారు. మనమూ అంతే, తర్వాతి జోక్‌కి నవ్వేస్తాం. ఆ నవ్వు మీద మనకే కాస్త సిగ్గేస్తుంది.

చివరికి హిల్డీ మాజీ మొగుడి దగ్గరికే చేరుతుంది. హనీమూన్‌కి నయాగరా అంటాడు. ఇంతలో ఆల్బనీలో సమ్మె వార్త వస్తుంది, ప్రయాణం అటు తిరుగుతుంది. ఆయన ముందు నడుస్తుంటాడు. వెనక సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఆవిడ.