పౌడర్ వేరు, మందు వేరు అనుకుంటే ప్రమాదమే

ఒంగోలు జిమ్ కుర్రాళ్ల గ్రూపుల్లో కొంతకాలంగా ప్రీ వర్కవుట్ (కసరత్తుకు ముందు తాగేది), ఫ్యాట్ బర్నర్ (కొవ్వు కరిగిస్తుందని అమ్మేది) పౌడర్ల గురించి ఒక మెసేజ్ తిరుగుతోంది. ఇప్పుడు కందుకూరు, కావలి దాకా పోయింది. క్లుప్తంగా ఇదీ దాని సారాంశం: "ప్రీ వర్కవుట్, ఫ్యాట్ బర్నర్ అన్నీ నేచురల్. వాటిలో ఉన్నది రెండు కప్పుల కాఫీ అంత కెఫీనే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉంటే సేఫ్. డాక్టర్ రాసిన మందులకూ వీటికీ సంబంధం లేదు. బీపీ ఉన్నవాళ్లు మాత్ర వేసుకుని తాగితే రెండూ సరిపోతాయి. బీపీ మిషన్‌లో నార్మల్ వస్తే భయం లేదు. గుండె దడ వస్తే పౌడర్ పని చేస్తున్నట్టు."

నేను కర్నూలు రోడ్డులో మందుల షాపు నడుపుతాను. ఈ మెసేజ్‌ని నమ్మినవాళ్లు రోజూ నా కౌంటర్ ముందుకు వస్తున్నారు. అందుకే ఒక్కో మాట తీసుకుని జవాబు రాస్తున్నాను.

"నేచురల్ కాబట్టి ఏమీ చేయదు."

ఎఫెడ్రా అని ఒక మొక్క ఉంది. చైనా వైద్యంలో మా హువాంగ్ అంటారు. మన ఆయుర్వేదంలో సోమలత పేరుతో వాడేది కూడా ఈ జాతి మొక్కనే. అందులోని ఎఫెడ్రిన్ గుండె వేగం పెంచుతుంది, రక్తనాళాల్ని బిగిస్తుంది. అమెరికాలో దీన్ని బరువు తగ్గించే క్యాప్సూల్స్‌గా ఏళ్ల తరబడి అమ్మారు. 2003 ఫిబ్రవరిలో బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టులో బేస్‌బాల్ ఆడే స్టీవ్ బెక్లర్ ప్రాక్టీసులో వడదెబ్బకు కూలిపోయి చనిపోయాడు. వయసు 23. ఎఫెడ్రా పాత్ర ఉందని శవపరీక్ష చేసిన అధికారి చెప్పాడు. అతనికి అంతకుముందే బీపీ కొంచెం ఎక్కువగా ఉండేది. ఆ మరుసటి ఏడాది, 2004లో, ఎఫెడ్రిన్ ఉన్న సప్లిమెంట్లను అక్కడి ప్రభుత్వం నిషేధించింది. కంపెనీలు వెంటనే చేదు నారింజ నుంచి తీసే సినెఫ్రిన్‌కి మారాయి. ఎఫెడ్రిన్‌కి దగ్గరి చుట్టమే అది. ఫ్యాట్ బర్నర్లలో కలిపే యోహింబిన్ కూడా ఆఫ్రికాలో ఒక చెట్టు బెరడు నుంచి వచ్చేదే.

అంత దూరం ఎందుకు? దగ్గుకు మన ఇళ్లలో నమిలే అతిమధురాన్ని రోజూ ఎక్కువ మోతాదులో తింటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. మొక్క నుంచి వచ్చిందన్నంత మాత్రాన దాని బలం తగ్గదు.

ఇంకో సంగతి. హెర్బల్ అని రాసి అమ్మిన సన్నబడే క్యాప్సూల్స్‌లో సిబుట్రమిన్ కలిపి ఉండటం చాలా దేశాల్లో పరీక్షల్లో బయటపడింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేసిన, ఆకలి తగ్గించే మందు అది. మన దేశంలోనూ నిషేధించారు.

"రెండు కప్పుల కాఫీ అంతే."

మన టీ కొట్టులో ఇచ్చే చిన్న గ్లాసు టీలో కెఫీన్ 50 ఎంజీ కూడా ఉండదు. ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకి 300 ఎంజీ మించకూడదని మన దేశంలో నియమం ఉంది, అంటే 250 ఎంఎల్ క్యాన్‌కి మహా అయితే 75 ఎంజీ. ప్రీ వర్కవుట్‌లో ఒక్క స్కూపుకే 200 నుంచి 300 ఎంజీ ఉండే రకాలు మామూలే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రోజు మొత్తానికి 400, ఒక్కసారికి 200 దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. అది కూడా ఏ మందూ వాడనివాళ్ల మాట.

మందు వాడుతుంటే లెక్క మారిపోతుంది. కెఫీన్‌ని విరగ్గొట్టే పని లివర్‌లోని ఒక ఎంజైముది. విరేచనాలకు, మూత్రంలో మంటకు ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్ ఆ ఎంజైముని అణిచేస్తుంది. గర్భనిరోధక మాత్రలు వేసుకునే ఆడవాళ్లలో కెఫీన్ ఒంట్లో దాదాపు రెట్టింపు సేపు నిలుస్తుంది. పొద్దున తాగినది పూర్తిగా పోకముందే సాయంత్రం స్కూపు పడుతుంది.

"ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంది."

ఆ పద్నాలుగు అంకెలూ కంపెనీకి ఆహార వ్యాపారం చేసుకోమని ఇచ్చిన లైసెన్సు నంబరు. మీ చేతిలో ఉన్న డబ్బాను ఎవరో పరీక్షించారని దాని అర్థం కాదు. పైగా మెసేజ్ పంపేవాళ్లు మెచ్చుకునే డబ్బాల్లో చాలావాటిపై "ప్రొప్రైటరీ బ్లెండ్" అని రాసి కింద పది పేర్లు ఇస్తారు, ఏది ఎన్ని ఎంజీలో చెప్పరు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్ ముందు మన క్రీడాకారులు కొందరు మిథైల్‌హెక్సేనమిన్ వాడారని డోప్ పరీక్షలో పట్టుబడ్డారు. ఇదే పదార్థం డీఎంఏఏ పేరుతో జిమ్ పౌడర్లలో ఉండేది. నిజానికి ఒకప్పుడు ముక్కు దిబ్బడకు పీల్చే మందు, రక్తనాళాల్ని బిగించి పని చేస్తుంది.

"డాక్టర్ మందులతో సంబంధం లేదు. బీపీ మాత్ర వేసుకుంటే సరిపోతుంది."

ఈ మెసేజ్‌లో మనుషుల్ని ఆస్పత్రి పాలు చేసే మాట ఇదే.

మా షాపుకి వచ్చే ఒక కుర్రాడు తలనొప్పికి ప్రొప్రనొలాల్ 40 (బీపీకి కూడా ఇచ్చే మాత్ర) వాడతాడు. ఒకరోజు షేకర్ చేతిలో పట్టుకునే వచ్చి, "అన్నా, ముక్కు కారుతోంది, జలుబు మాత్ర ఒకటియ్యి" అన్నాడు. షేకర్లో ఏందని అడిగాను. "మందు కాదన్నా, పౌడరే. ఫ్యాట్ బర్నర్ కలిపా."

ఆ మూడూ కలిస్తే ఏమవుతుందో చూడండి. రక్తనాళాల గోడల్లో బిగించే తాళాలు కొన్ని, వదులు చేసే తాళాలు కొన్ని ఉంటాయి. ప్రొప్రనొలాల్ వదులు చేసేవాటిని మూసేస్తుంది. సినెఫ్రిన్, ఎఫెడ్రిన్, జలుబు మాత్రలోని ఫినైలెఫ్రిన్ లాంటివి బిగించేవాటిని తెరుస్తాయి. ఇక అడ్డేమీ లేక బీపీ ఒక్కసారిగా పైకి పోవచ్చు. అదే సమయంలో గుండె వేగాన్ని ప్రొప్రనొలాల్ తగ్గించి ఉంచుతుంది కాబట్టి దడ ఉండదు. ఏమీ కాలేదని కుర్రాడు ఇంకో సెట్ వేస్తాడు. ఆరోజు అతనికి జలుబు మాత్ర ఇవ్వలేదు. ఆవిరి పట్టమని చెప్పి, డబ్బా తీసుకుని డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాను.

బీపీకి అమ్లోడిపిన్ వాడేవాళ్లది వేరే కథ. ఆ మాత్ర రోజంతా ఒకే తీరుగా నాళాల్ని వదులు చేస్తుంది. పౌడర్ గంటలోపే ఎక్కుతుంది. అలా ఎక్కేదాన్ని పట్టుకునే ఏర్పాటు మాత్రలో లేదు. ఇంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది తర్వాత జరిగేది. పౌడర్ సంగతి డాక్టర్‌కి తెలియదు. చూస్తే బీపీ 150 మీద ఉంటుంది. మాత్ర చాలడం లేదనుకుని రెండోది రాస్తారు. ఆ రెండోది నిజానికి పౌడర్ కోసం రాసిన మాత్ర. పౌడర్ అయిపోయిన రోజున రెండు మాత్రలూ కలిసి బీపీని దించేస్తాయి, మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరుగుతాయి.

నీళ్ల మాత్రలు, అంటే మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు వాడేవాళ్లు మే నెలలో మన ప్రకాశం ఎండలకు చెమటతోనూ ఉప్పు పోగొట్టుకుంటారు. పొటాషియం పడిపోయిన గుండెకు పౌడర్‌లోని ఉత్తేజకం, అంటే గుండెను పరుగెత్తించే పదార్థం, తోడైతే లయ తప్పే ముప్పు ఉంది.

ఇంకా ప్రమాదకరమైనవి కొన్ని మందులు. ఒంట్లోనే తయారై నాళాల్ని బిగించే నోర్‌ఎపినెఫ్రిన్‌ని విరిచే మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైముని ఆపేవి. కొన్ని డిప్రెషన్ మందులు, పార్కిన్సన్స్‌కి ఇచ్చే సెలెజిలిన్ ఈ కోవలోవి. చాలామందికి తెలియనిది, మొండి టీబీకి వాడే లినెజోలిడ్ కూడా కొంతవరకు ఇదే పని చేస్తుంది. వీటితో ఎఫెడ్రిన్ జాతి ఉత్తేజకాలు పడితే బీపీ 180 దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఏకాగ్రత లోపానికి పిల్లలకు, పెద్దలకు ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ స్వయంగా ఉత్తేజకమే, దానిమీద పౌడర్ అంటే డోసు రెట్టించడమే. ఒళ్లు నొప్పులకు వేసే డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ బీపీ మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. చీమకుర్తి నుంచి గ్రానైట్ లారీ తోలే డ్రైవర్లు రాత్రి నిద్ర ఆపుకోవడానికి ఎనర్జీ డ్రింకు, పైన జలుబు మాత్ర, నడుం నొప్పికి ఇంకోటి వేసుకోవడం చూస్తుంటాను. జిమ్‌కి వెళ్లకపోయినా వాళ్లకీ ఇది వర్తిస్తుంది.

పోలీసు ఉద్యోగాల పరుగు కోసం ప్రాక్టీసు చేసే పిల్లలకు ఒక మాట. గ్రౌండ్ దగ్గర గుట్టుగా అమ్మే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్ సప్లిమెంట్ కాదు. వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు బీపీ పడిపోతే మత్తు డాక్టర్ ఆపరేషన్ థియేటర్లో దాన్ని పైకి లేపడానికి వాడే మందు. బీపీ మామూలుగా ఉన్నవాడు వేసుకుంటే అది ఎక్కడికి పోతుందో ఆలోచించండి.

"మిషన్‌లో నార్మల్ వచ్చింది."

ఎప్పుడు చూశారు? కెఫీన్ ప్రభావం అరగంట, గంటకి శిఖరానికి చేరుతుంది. సరిగ్గా అప్పుడు మీరు బరువులెత్తుతుంటారు. 1985లో కెనడాలో అయిదుగురు బాడీ బిల్డర్ల ధమనిలోకే గొట్టం పెట్టి బీపీ కొలిచారు. రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేసేటప్పుడు సగటున 320/250 వచ్చింది. సెట్ అవగానే దిగిపోయింది. గట్టి నాళాలు ఆ కొన్ని క్షణాలు తట్టుకుంటాయి. మందు, పౌడర్ కలిసి ముందే బిగించి పెట్టిన నాళాల మీద అదే పడితే వేరు. ఇంటికెళ్లి స్నానం చేసి చూసుకున్న 128కి ఆ క్షణం గురించి ఏమీ తెలియదు.

"దడ వస్తే పని చేస్తున్నట్టు."

ఇది పూర్తిగా తప్పు. దడ ఒక హెచ్చరిక, ఇలాంటి ఉత్తేజకాలు ఏం చేయగలవో చూడండి. ఆకలి తగ్గించే మాత్రల్లో, జలుబు మందుల్లో ఉండే ఫినైల్‌ప్రొపనొలమిన్‌ని 2000లో అమెరికాలో వెనక్కి రప్పించింది, సన్నబడటానికి వాడిన ఆడవాళ్లలో మెదడులో రక్తస్రావం కనిపించినందుకే. నెలల తరబడి వాడాక కాదు, మొదటి మూడు రోజుల్లోనే ముప్పు కనబడింది.

ఛాతీలో బరువు, ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక చెయ్యి పట్టు తప్పడం, వీటిలో ఏది వచ్చినా పడుకుని చూద్దాం అనుకోకండి. 108కి ఫోన్ చేసి, పౌడర్ డబ్బా, మాత్రల స్ట్రిప్పు రెండూ వెంట తీసుకెళ్లండి. అక్కడ డాక్టర్ ముందు దాచకండి, వాళ్లు ఇచ్చే మందు దాని మీద ఆధారపడుతుంది. భయపడి బీపీ మాత్ర మాత్రం సొంతంగా మానేయకండి. ప్రొప్రనొలాల్, క్లోనిడిన్ లాంటివి ఠక్కున ఆపితే గుండె, బీపీ ఎదురు తిరుగుతాయి. ఆపాల్సింది పౌడర్. మందు వల్ల గానీ, మందుతో కలిసిన దేనివల్ల గానీ ఇబ్బంది పడినవాళ్లు 1800 180 3024కి ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చు, అది మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ నంబరు.