కప్పు బెంగళూరుది, కాయ చిత్తూరుది

2025 వేసవి ఆటల మీద తుది తీర్పు చెప్పే హక్కు ఈ దేశంలో చిత్తూరు, తిరుపతి జిల్లాల అభిమానికి మాత్రమే ఉంది. గొప్పలకు పోయి అంటున్న మాట కాదిది, మైలురాళ్లు చెప్తున్న మాట. తిరుపతి బస్టాండులో నిలబడితే చెన్నై సుమారు 135 కిలోమీటర్లు, బెంగళూరు 250, హైదరాబాదు 550 పైచిలుకు. సొంత రాష్ట్రానికా, ఐపీఎల్ జట్టే లేదు. ఐపీఎల్ ఆడే మైదానం ఒక్కటుంది, అది విశాఖలో, 700 కిలోమీటర్ల అవతల. 2025 మార్చిలో అక్కడ రెండు మ్యాచ్‌లు జరిగితే రెండింటికీ సొంత జట్టు ఢిల్లీ! అందులో ఒకటి హైదరాబాదు మీద ఆడి ఏడు వికెట్లతో గెలిచింది కూడా. ఆంధ్ర గడ్డ మీద హైదరాబాదు అతిథి, ఢిల్లీ ఇంటాయన. ఇట్లా సొంతిల్లు లేనివాడికి ఒక్క అద్దె ఇల్లు చాలదు. మూడుండాలి.

మూడు జట్ల పద్ధతి బయటివాళ్లకు అవకాశవాదంలా కనిపిస్తుంది. అది తెలియక అనే మాట. దీనికి కట్టుబాట్లున్నాయి. చెన్నై పసుపు, హైదరాబాదు కాషాయం, బెంగళూరు ఎరుపు, టీషర్టులు మూడూ ఉతికి మడిచి ఉంచుకోవాలి. టాస్ వేసేటప్పుడు ఏదీ తొడగకూడదు. ఆరు ఓవర్ల పవర్‌ప్లే అయ్యాకే చెయ్యి చొక్కా మీదికి పోవాలి. మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాణ్ని మార్చుకునే ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన ఐపీఎల్‌లోకి 2023లో వచ్చింది గానీ మా దగ్గర అంతకు ముందు నుంచే అమల్లో ఉంది. కాకపోతే అక్కడ బయటికి పోయిన ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ దిగకూడదు, మా అభిమాని ఓవరుకోసారి పోయి రావచ్చు.

పద్ధతిలో లోపం లేకపోలేదు. మూడింట్లో రెండు ఎదురెదురు పడితే బండి మొరాయిస్తుంది. దానికి పాఠ్యపుస్తకంలో పెట్టాల్సిన రోజు 2024 మే 18. బెంగళూరు 218 కొట్టింది. చెన్నై గెలవకపోయినా 201 చేస్తే చాలు, నెట్ రన్‌రేటు (ఓవరుకు చేసిన పరుగుల్లోంచి ఓవరుకు ఇచ్చిన పరుగులు తీసేస్తే మిగిలేది) మీద ప్లేఆఫ్‌కు పోతుంది. ఆఖరి ఓవరుకు గెలవాలంటే 35, గట్టెక్కాలంటే 17. యశ్ దయాల్ వేసిన మొదటి బంతిని ధోని 110 మీటర్లు కొట్టాడు. బంతి స్టేడియం బయట పడి పోయింది. సగం చిత్తూరు లేచి గంతులేసింది. అసలు ముప్పు అక్కడే ఉంది. పోయిన బంతి తడిసి సబ్బులాగా జారే బంతి, దాని బదులు ఇచ్చింది పొడి బంతి. పొడి బంతి వేళ్లలో నిలుస్తుంది, నెమ్మది బంతి వేస్తే మాట వింటుంది. తర్వాతి బంతికే ధోని అవుట్, చెన్నై 191 దగ్గర ఆగింది. తన సిక్సరుతో ఎదుటివాడికి మంచి బంతి కొనిచ్చినవాణ్ణి తప్పుపట్టాలా, మెచ్చుకోవాలా అన్నది మా టీ కొట్లలో ఏడాది తర్వాత కూడా తేలలేదు. (2025లో ఐపీఎల్‌వాళ్లే ఆ బాధ తీర్చారు. రాత్రి మ్యాచ్‌లో రెండో ఇన్నింగ్స్ పది ఓవర్లు దాటాక ఫీల్డింగ్ కెప్టెన్ ఒకసారి బంతి మార్చమని అడగొచ్చు. ఇక స్టేడియం బయటికి కొట్టి సాయం చేయనక్కరలేదు.)

ఇక 2025 ఖాతా. చెన్నై 14 ఆడి నాలుగు గెలిచి చరిత్రలో మొదటిసారి అట్టడుగున, పదో స్థానంలో నిలిచింది. ఐదేళ్లు దేశానికి ఆడకపోతే అన్‌క్యాప్డ్ అన్న నిబంధన కింద, రెండు ప్రపంచ కప్పులు ఎత్తిన ధోనిని నాలుగు కోట్లకు ‘దేశానికి ఆడని కుర్రాడి’ పద్దులో రాసుకున్నారు. పద్దులో కుర్రాడు కాబట్టేనేమో, మార్చి 28న బెంగళూరు మీద తొమ్మిదో నంబరులో, అశ్విన్ తర్వాత దించారు. 2008 తర్వాత చెపాక్‌లో బెంగళూరు గెలవడం అదే మొదలు. పెద్దాయనను పెళ్లికి పిలిచి, బంతి లేచాక వడ్డించినట్టుంది.

హైదరాబాదుది చిచ్చుబుడ్డి వ్యవహారం. అంటుకుంటే కొబ్బరిచెట్టంత, లేకుంటే తుస్. మార్చి 23న 286 కొట్టింది, ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106. మా వాళ్లు ఆ రాత్రే 300 ఎప్పుడన్న చర్చ మొదలుపెట్టారు. తర్వాత వరసగా నాలుగు ఓటములు. కారణం దేవరహస్యమేమీ కాదు. బంతి సూటిగా బ్యాటు మీదికి వచ్చే పిచ్ మీద కాలు కదపకుండా ఊపినా తాడు దాటుతుంది. బంతి పిచ్‌ను పట్టుకుని ఆగి వచ్చేచోట, ఊపు అయిపోయాక బంతి వస్తుంది. బ్యాటు మధ్యలో తగలాల్సింది పైఅంచున తగిలి ఫీల్డరు చేతిలో పడుతుంది. విరుగుడు ఉంది: అట్లాంటి చోట నాలుగు ఓవర్లు ఒకటీ రెండూ తీసుకోవడం. ఆ మందు ఆ జట్టుకు పడదు. దాని జాతకమంతా 18.3 ఓవర్లలో ఉంది. 2024 ఫైనల్లో సరిగ్గా 18.3 ఓవర్లకు 113 ఆలౌట్. 2025 ఏప్రిల్ 12న పంజాబ్ 245 కొడితే అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 బాదాడు, జట్టు సరిగ్గా 18.3 ఓవర్లకే 247తో ముగించింది. అవే 18.3 ఓవర్లు, ఒకసారి 113, ఒకసారి 247. పట్టికలో చివరికి దక్కింది ఆరో స్థానం.

బెంగళూరు గెలిచింది. పద్దెనిమిదో సీజనులో, జూన్ 3న, అహ్మదాబాదులో పంజాబ్ మీద ఆరు పరుగుల తేడాతో. పంజాబుకు ఆఖరి ఓవరుకు 29 కావాలి. హేజిల్‌వుడ్ మొదటి రెండు బంతులకు పరుగివ్వలేదు. శశాంక్ సింగ్ తర్వాతి నాలుగింట్లో 22 లాగాడు. ఆ రెండు ఖాళీ బంతులే కప్పు. ఎరుపు చొక్కాలు పలమనేరు నుంచి పుత్తూరు దాకా ఆ రాత్రి ఎక్కణ్నుంచి వచ్చాయో, అన్నీ మడతలు విప్పని కొత్తవే. మర్నాడు బెంగళూరు స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. దాని మీద ఈ వ్యాసంలో ఎకసెక్కం లేదు.

నెట్ రన్‌రేటు సంగతి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఏప్రిల్ దాటాక తిరుపతిలో టీ కొట్టు అంటే లెక్కల ట్యూషను. లీలామహల్ సర్కిల్ వైపు ఏ కొట్టుకైనా మే నెల రాత్రి పదింటికి పోండి. పాల లెక్క రాసే పుస్తకం వెనకపేజీ తెరిచి ఉంటుంది. టీ మాస్టరు ఒక చేత్తో డికాక్షన్ వడగడుతూ, ఇంకో చేత్తో పెన్సిలు పట్టుకుని ఉంటాడు. బెంచీ మీద బొరుగుల పొట్లం పట్టుకున్న ఇంజనీరింగు పిల్లోడు వాదిస్తుంటాడు.

“వాళ్లు పన్నెండు ఓవర్లకే ఆలౌటయినారు గదన్నా, పన్నెండుతో భాగించాల.”

“అట్ల కాదు నైనా. పది వికెట్లు పడితే ఇరవై ఓవర్లు ఆడినట్టే రాసుకోవాల. పన్నెండుతో భాగిస్తే రేటు పెరుగుతాది. బిరీన ఔటయినోడికి లాభమిస్తే ఇంగ ఆడేదెవరు?”

“ఇప్పుడు మైనస్ అర ఉండాది. ఒక్క మ్యాచుంది. కాదాన్నా?”

మాస్టరు పెన్సిలు తిప్పుతాడు. పదమూడు మ్యాచ్‌లు, ఇరవై ఓవర్ల లెక్కన 260 ఓవర్లు. ఓవరుకు అర పరుగు చొప్పున అప్పు 130. సున్నాకు రావాలన్నా ఆఖరి మ్యాచ్ 130 పరుగుల తేడాతో గెలవాలి. మార్చిలో ఓడేటప్పుడు ఎనిమిది వికెట్లు పడ్డాక ఎట్లాగూ ఓడామని అడ్డంగా ఊపి పారేసుకున్న పరుగులు మే నెలలో వడ్డీతో వచ్చి గుమ్మంలో కూర్చుంటాయి. పిల్లోడు లెక్క చూసి, బొరుగులు నమిలి, “సరేలే, బెంగళూరుకు మారతా” అంటాడు. మాస్టరు టీ డబ్బులు అడుగుతాడు.

ఇప్పుడు ఆటగాళ్ల వేలం. చిత్తూరువాళ్లకు వేలం చూసి నోరు తెరిచే అలవాటు లేదు, మండీలో పుట్టి పెరిగిన ప్రాంతం. రిషభ్ పంత్‌ను లక్నో 27 కోట్లకు కొన్నది. ఐపీఎల్ చరిత్రలో అప్పటికి అదే పెద్ద ధర. అతను 2025 సీజనులో చేసినవి 269 పరుగులు. అందులో 118 ఆఖరి మ్యాచ్‌లోవే, లక్నోకు ఆ మ్యాచ్‌తో పట్టికలో అయ్యేదీ పోయేదీ ఏమీ లేనప్పుడు. సగటున పరుగు సుమారు పది లక్షలు. అదే వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, మొత్తం 12 రూపాయలు ఇవ్వాలని నిర్ణయమైంది. కాయ కొనే ర్యాంపుల దగ్గర అందులో సగం కూడా పలకని రోజులున్నాయి. ఆ 12 నిండుగా అందిందనే అనుకుందాం. పంత్ తీసిన ఒక్క పరుగుకు 83 టన్నుల కాయ. లారీకి పది టన్నులేస్తే ఎనిమిది లారీలు. ఎకరాకు ఐదు టన్నుల దిగుబడి పట్టుకుంటే దాదాపు పదిహేడెకరాల తోట. స్క్వేర్ లెగ్ వైపు నెట్టి ఒకటి తీస్తే పదిహేడెకరాలు ఖాళీ. ఓవర్‌త్రో పడితే ఇంకో పదిహేడు.

నియమాల్లోనూ పోలిక ఉంది. వేలంలో అమ్ముడుపోని ఆటగాణ్ని చివర్లో మళ్లీ పిలుస్తారు, కనీస ధర 30 లక్షలు ఎక్కడికీ పోదు. టోకెన్ కోసం ఫ్యాక్టరీ గేటు బయట మూడు రోజులు ట్రాక్టరులో కూర్చున్న తోతాపురిని మళ్లీ పిలిచేసరికి అడుగు వరస కాయ నల్లబడి రసం కారుతుంటుంది. 2025లో అంపైర్లు మైదానంలోనే గేజు తీసి బ్యాటు కొలిచారు. వెడల్పు 10.8 సెంటీమీటర్లు, మందం 6.7, అంచు 4 దాటకూడదు. గేజులో దూరకపోతే బ్యాటు మార్చుకుని ఆడొచ్చు. గేటు దగ్గర కాయ తిప్పికొట్టినవాడికి మార్చుకునే తోట ఉండదు.

అన్నిటికన్నా పెద్ద అంతర్రాష్ట్ర పోటీ ఐపీఎల్ ముగిశాకే మొదలైంది. బయటి రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా అధికారులు ఆపేస్తే, అట్లా ఆపొద్దని జూన్ 11న కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఈ కాయకు బెంగళూరా అని ఇంకో పేరు. ఎర్ర చొక్కా వేసుకుని ‘ఈ సల కప్ నమ్దే’ (ఈసారి కప్పు మనదే) అంటూ కర్ణాటక సరిహద్దు ఊరు నంగిలి దాటి వచ్చినవాణ్ని ఎవరూ ఆపలేదు, బెంగళూరా లారీని ఆపారు. మా మూడు జట్ల అభిమాని ఇక్కడ మొట్టమొదటిసారి ఒకే పక్షాన నిలిచాడు. తోటున్నవాడు కదా.

మిగతా ఆటల మీద అభిప్రాయాలు కొద్దిలో. జూన్ 1న నార్వేలో చదరంగంలో గుకేశ్ చేతిలో ఓడిన కార్ల్‌సెన్ బల్ల గుద్దాడు. గుకేశ్ తెలుగు ఇంటి బిడ్డ, పెరిగింది చెన్నైలో, అంటే మా పద్ధతి ప్రకారం రెండు జట్ల ఆటగాడు. ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ ఫైనల్లో అల్కరాస్, సిన్నర్ 5 గంటల 29 నిమిషాలు ఆడారు. తిరుపతిలో బస్సెక్కినవాడు బెంగళూరు ట్రాఫిక్‌లో చిక్కుకునేంతసేపు. దోహాలో నీరజ్ చోప్రా 800 గ్రాముల ఈటెను, అంటే మోస్తరు తోతాపురి కాయలు రెండింటి బరువును, 90.23 మీటర్లు విసిరి రెండో స్థానం తెచ్చుకున్నాడు. మొదటి స్థానం కొట్టేసిన జర్మనీ వెబర్ ఆఖరి విసురు 91.06. “తొంబై దాటినా రెండోదేనా” అని ఆవేదన చెందినవాళ్లలో అంతకు ముందు రోజు ఈటె బరువెంతో తెలిసినవాళ్లు లేరు.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి మే 29న దక్షిణ కొరియాలోని గుమిలో వంద మీటర్ల హర్డిల్స్ 12.96 సెకన్లలో పరుగెత్తి ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది. పది హర్డిళ్లు, ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిదానికి 13 మీటర్లు, తర్వాత మధ్య మధ్య 8.5. ఆ ఎనిమిదిన్నర మీటర్లలో సరిగ్గా మూడంగలు పడాలి. ఒక అంగ కురచైతే ముందుకాలు పలకకు తగులుతుంది, ఆ తర్వాతి అంగలన్నీ తప్పుతాయి. ఆ రాత్రి మా టీ కొట్లలో టీవీ ఉంది, క్వాలిఫయర్ మ్యాచ్ ఉంది.

జూన్ 28న నాటింగ్‌హామ్‌లో మన ఆడపిల్లలు ఇంగ్లండు మీద 210 కొట్టారు. మంధాన 112. ఇంగ్లండు 14.5 ఓవర్లకు 113 ఆలౌట్. మాస్టరు లెక్కలో ఇరవై ఓవర్లకే. నాలుగు వికెట్లు, 12 పరుగులు, అదీ తొలి టీ20లో, కడప జిల్లా అమ్మాయి శ్రీచరణివి. ఎడమచేతి స్పిన్. కడప తిరుపతికి చెన్నై అంత దూరమే, వేసవి సెలవుల్లో పెళ్లిళ్లకు పోయి వచ్చే దూరం.

బొరుగుల పొట్లం పిల్లోడు ఫోన్లో స్కోరు చూపించాడు.

“ఎవురు నైనా ఈ పాప?”

“కడపన్నా.”

“అది సరే, మన మూడిట్లో ఏ టీమ్‌కు ఆడతాది?”

“లీగ్‌లోనా? ఢిల్లీకి.”

మాస్టరు పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. “ఢిల్లీ అంటే వైజాగు గదా. యాడుందబ్బా వైజాగు.”