ఒక్క లైనుతో టౌరీ యాప్ డీఎల్ఎల్ అయిపోదు

“కార్గో ఫైల్లో క్రేట్ టైపు దగ్గర సీడైలిబ్ అని చేర్చండి చాలు, మీ టౌరీ యాప్ డీఎల్ఎల్ అయిపోతుంది. పైథాన్, సీషార్ప్, దేంట్లోంచైనా పిలిచి విండో తెరవచ్చు. అడ్డొస్తే వేరే థ్రెడ్‌లో నడపండి.” డెవలపర్ల మధ్య బాగా తిరుగుతున్న సలహా ఇది. టౌరీ అంటే వెబ్ పేజీలతో యాప్‌లు కట్టే రస్ట్ భాషా ఫ్రేమ్‌వర్క్. డీఎల్ఎల్ అంటే వేరే ప్రోగ్రాములు తమలోకి లోడ్ చేసుకుని వాడుకునే లైబ్రరీ ఫైలు. కార్గో ఫైలు రస్ట్ ప్రాజెక్టు సెట్టింగులది, అందులో సీడైలిబ్ అంటే అలాంటి లైబ్రరీ తయారు చెయ్యమని. దీన్ని నమ్మి ప్రాజెక్టు మొదలుపెడితే ఎక్కడ దెబ్బ తింటారో చెప్పాలి.

లైబ్రరీ ఫైలు వచ్చే మాట నిజమే. మొబైల్ కోసమని టౌరీ 2 టెంప్లేట్‌లో సీడైలిబ్ ముందే రాసి ఉంటుంది. రస్ట్‌కి స్థిరమైన ఏబీఐ (కంపైలైన కోడ్‌లు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి) లేదు కాబట్టి బయటి ప్రోగ్రాములు పిలిచే ఫంక్షన్లను సీ భాష పద్ధతిలో ఇవ్వాలి. అది చిన్న పనే.

అసలు చిక్కు విండో మూసినప్పుడు వస్తుంది. టౌరీలో రన్ ఫంక్షన్ తిరిగి రాదు. యాప్ ముగియగానే అది నేరుగా ప్రాసెస్‌నే ముగించేస్తుంది. లైబ్రరీకి సొంత ప్రాసెస్ ఉండదు కదా, పోయేది మీ పైథాన్ ప్రోగ్రామే! ఆ పిలుపు కింద ఫైలు సేవ్ చేసే లైను రాసి ఉంటే అది ఎప్పటికీ నడవదు. ట్రేస్‌బ్యాక్ (పైథాన్ చూపే ఎర్రర్ వివరం) కూడా రాదు, అందుకే తప్పెక్కడుందో పట్టుకోవడం నరకం. రన్ బదులు రన్_రిటర్న్ వాడితే ప్రాసెస్ బతుకుతుంది. కానీ విండో మూసేదాకా ఆ పిలుపు కూడా తిరిగి రాదు.

వేరే థ్రెడ్ సలహా మరీ ప్రమాదం. విండోస్, లినక్స్‌లలో ఎనీ_థ్రెడ్ అనే వెసులుబాటు ఉంది. మ్యాక్‌లో లేదు. అక్కడ విండోల పనంతా మెయిన్ థ్రెడ్‌లోనే జరగాలి, లేదంటే టౌరీ కింద ఉండి విండోలు తెరిచే టావో లైబ్రరీ పానిక్ అవుతుంది, అంటే తీవ్రమైన లోపమని ఆగిపోతుంది. ఆ పానిక్ సీ ఫంక్షన్ సరిహద్దు దాటబోతే రస్ట్ 1.81 నుంచి ప్రాసెస్ మొత్తం అబార్ట్ అవుతుంది. పిలిచినవాళ్లు దాన్ని పట్టుకోలేరు.

ఇక “దేంట్లోంచైనా” అన్నది అసలు నిలవదు. లినక్స్‌లో వెబ్ పేజీలు చూపడానికి టౌరీ వాడే వెబ్‌కిట్, విండోలు, బటన్లు గీసే జీటీకే లైబ్రరీ 3వ వెర్షన్ మీద నడుస్తుంది. పిలిచే ప్రోగ్రామ్ జీటీకే 4 ది అయితే రెండూ ఒకే ప్రాసెస్‌లో ఇమడవు.

ఆడియో ప్లగిన్‌లా ఒకే ప్రాసెస్‌లో ఉండి తీరాల్సిన పనైతే, సీ నుంచి పిలవగలిగే, ‘వెబ్‌వ్యూ’ అనే పేరున్న లైబ్రరీని చూడండి. దాని క్రియేట్ ఫంక్షన్‌కి మీ విండో హ్యాండిల్‌నే ఇవ్వచ్చు. అంత అవసరం లేకపోతే టౌరీని విడి ఎగ్జిక్యూటబుల్‌గానే ఉంచి, స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల మీదుగా జేసన్ రూపంలో సందేశాలు పంపుకోండి. అప్పుడు విండో మూసినా, క్రాష్ అయినా మీ ప్రోగ్రామ్ తన పని తాను చేసుకుంటుంది.