విల్ట్ 100 పాయింట్లు: వీడియో లేకపోతే స్కోరు షీటు కొట్టేస్తారా?

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. బాస్కెట్‌బాల్ గ్రూపులో ఒకాయన పెట్టాడు, కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఇంకొకాయన, చివరికి బంతి ముట్టుకోని మా బావమరిది కూడా. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో, 1962 మార్చి 2న ఫిలడెల్ఫియా వారియర్స్ ఆటగాడు విల్ట్ చాంబర్లేన్ న్యూయార్క్ నిక్స్ మీద ఒక్క ఆటలో 100 పాయింట్లు కొట్టాడన్నది కట్టుకథట. వీడియో లేదు, ఫోటో పోజు, ఎదురుగా ఆడినవాళ్లు పొట్టివాళ్లు, ఫ్రీ త్రోలు (ఫౌల్ అయితే ఎవరూ అడ్డులేకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు) చేతకానివాడు 32కి 28 వేశాడంటే ఎలా నమ్ముతాం, కాబట్టి అసలైన స్కోరు తర్వాతి తరం ఆటగాడు కోబీ బ్రయంట్ కొట్టిన 81. కింద "కళ్లు తెరవండి" అని ఒక సలహా. సరే, తెరుద్దాం.

వీడియో లేదన్నమాట నిజమే. ఆ ఆట ఫిలడెల్ఫియాలో కూడా జరగలేదు. చిన్న ఊళ్లలో కూడా జనాన్ని రప్పించుకోవాలని వారియర్స్ అప్పుడప్పుడు సొంత ఆటల్ని పెన్సిల్వేనియాలోనే ఉన్న హెర్షీలో, ఆ చాక్లెట్ల ఊళ్లో, పెట్టేవాళ్లు. ఆ రోజు హాల్లో 4,124 మంది. టీవీవాళ్లు రాలేదు. అయితే ఏంటి? 1983లో టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద కపిల్ దేవ్ చేసిన 175కి కూడా వీడియో లేదు. అది కట్టుకథని మన గ్రూపులో ఒక్కరు అనమనండి, చూద్దాం. పైగా హెర్షీ ఆటకి రేడియో ఉంది. బిల్ క్యాంప్‌బెల్ కామెంటరీ చెప్పిన నాలుగో క్వార్టర్ (ఆటలోని నాలుగు భాగాల్లో చివరిది) రికార్డింగ్ దొరికింది. భద్రపరచదగ్గ రికార్డింగుల్లో ఒకటిగా అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ దాన్ని గుర్తించింది కూడా. కళ్లు తెరిచినవాళ్లు చెవులు కూడా తెరిస్తే వినిపిస్తుంది.

ఫోటో పోజేనా? పోజే. ఆట అయ్యాక డ్రెస్సింగ్ రూములో వారియర్స్ ప్రచారం చూసే హార్వీ పొల్లాక్ ఒక కాగితం మీద 100 అని గీకి విల్ట్ చేతిలో పెడితే తీసిన ఫోటో అది. కోర్టులో ఆడుతూ ఆడుతూ కాగితం పట్టుకున్నాడని ఎవరూ చెప్పలేదు.

అసలు నాకు ఒళ్లు మండేది ఫ్రీ త్రోల దగ్గర. "51 శాతం వేసేవాడు ఒక్క రోజులో 87 శాతం వేయడం గణితపరంగా అసాధ్యం" అని రాశారు. గణితం అనే మాట కనపడితే చాలు, మనవాళ్లు చదవకుండానే ఫార్వర్డ్ కొట్టేస్తారు. ఆ 51 శాతం ఆయన కెరీర్ మొత్తానిది. ఆ ఒక్క సీజన్‌లో విల్ట్ వేసింది 61 శాతం పైనే, ఆయన కెరీర్‌లోకెల్లా అదే ఎక్కువ. కారణం ఉంది. అప్పట్లో ఆయన ఫ్రీ త్రోలు కిందనుంచి వేసేవాడు, బంతిని రెండు చేతులతో పట్టుకుని మోకాళ్ల దాకా దించి పైకి విసిరే పద్ధతిలో. తర్వాత అది మానేశాడు, శాతం పడిపోయింది. ఇవేవీ చూడకుండా మొత్తం కెరీర్ సగటు తెచ్చి ఒక్క రాత్రి మీద రుద్దడం గణితం కాదు.

క్వార్టర్ల వారీగా చూడండి. మొదటి క్వార్టర్‌లో ఫ్రీ త్రోలు 9కి 9, రెండోదాంట్లో 5కి 4, మూడోదాంట్లో 8కి 8, నాలుగోదాంట్లో 10కి 7. దొంగ లెక్క రాసేవాడైతే 100 దగ్గరపడుతున్న నాలుగో క్వార్టర్‌లో చేయి ఆడించాలి కదా? సరిగ్గా అక్కడే మూడు పోయాయి. పాయింట్లు 23, 18, 28, 31. మొత్తం 63 షాట్లలో 36 పడ్డాయి. రెండేసి చొప్పున వాటికి 72, ఫ్రీ త్రోలకి 28.

జట్టు మొత్తం లెక్క కూడా కూడి చూసుకోవచ్చు. వారియర్స్ 115 షాట్లకి 63, ఫ్రీ త్రోలు 52కి 43, మొత్తం 169. నిక్స్ 118కి 57, 41కి 33, మొత్తం 147. ఓడిన జట్టులో రిచీ గెరిన్ 39, క్లీవ్‌ల్యాండ్ బక్నర్ 33, విల్లీ నాల్స్ 31. కుట్రలో వీళ్లకీ వాటా ఇచ్చారేమో! వారియర్స్‌లో గై రాడ్జర్స్ 20 అసిస్టుల్లో (తోటివాడు బుట్టలో వేసేలా అందించిన బంతులు) ఒకటో రెండో స్కోరు రాసేవాడి దయ అంటే వింటాను, రీబౌండ్లూ (పడని షాటు తర్వాత బంతి పట్టుకోవడం) అంతే. పాయింట్లు అలా కావు. బోర్డు మీద స్కోరు కదులుతుంటే ఎదుటి బెంచీ చూస్తూనే ఉంటుంది. పైగా హాల్లో అనౌన్సర్ డేవ్ జింకాఫ్ మైకులో విల్ట్ ఎన్ని కొట్టాడో చెబుతూనే ఉన్నాడు.

పొట్టివాళ్లా? ఆ రోజు విల్ట్ ఎదురుగా మొదలుపెట్టిన డారల్ ఇమ్‌హాఫ్ 6 అడుగుల 10 అంగుళాలు, 1960 ఒలింపిక్ స్వర్ణ జట్టులో ఆడినవాడు. ఆరు ఫౌళ్లయితే ఆట నుంచి తప్పుకోవాలి, ఆయన 20 నిమిషాల్లోనే ఆరు ఫౌళ్లతో బయటికెళ్లాడు. నిక్స్ అసలు సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) ఫిల్ జోర్డన్ ఆ రోజు ఆడలేదు, అది విల్ట్‌కి కలిసొచ్చింది. అంతవరకే.

ఇక ఆ మెసేజ్ రాసినాయన పట్టుకోవాల్సింది పట్టుకోలేదు. ఆ నాలుగో క్వార్టర్ చివరి భాగం బాస్కెట్‌బాల్ అనిపించుకోదు, నేనూ ఒప్పుకుంటాను. విల్ట్‌కి బంతి అందకూడదని నిక్స్‌వాళ్లు మిగతా వారియర్స్‌ని ఫౌల్ చేశారు, తాము బంతి పట్టుకుని కాలయాపన చేశారు. బంతి తిరిగి దక్కాలని వారియర్స్‌వాళ్లు నిక్స్‌ని ఫౌల్ చేశారు. ఎప్పుడో గెలిచేసిన ఆటలో, ఒక్క మనిషి లెక్క కోసం. మూడు క్వార్టర్లలో వచ్చిన 69 మీద నాకు ఏ అనుమానమూ లేదు. చివరి 31 పక్కన అనుమానం గుర్తుగా ఒక చుక్క పెడతామంటే పెద్దగా గొడవపడను. ఆ కాలపు వేగం కూడా వేరు. రెండు జట్లూ కలిసి 233 షాట్లు వేశాయి. ఇప్పుడు ఒక్కో జట్టు వేసేది 90 దరిదాపుల్లో.

కోబీ 81 గొప్పదే. 46 షాట్లలో 28, అందులో మూడు పాయింట్లవి ఏడు. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే ఆ గీతే విల్ట్ కాలానికి లేదు. దాన్ని మెచ్చుకోవడానికి దీన్ని అబద్ధం చేయనక్కర్లేదు.

ఈసారి పంపేవాళ్లు ఆ ఫౌళ్ల సంగతి రాసి పంపండి. దాని మీదైతే తెల్లారేదాకా కొట్టుకుందాం.