నోరు తెరిచి చెప్తే ఏం పోతుంది?

"రేపటికి జాకెట్ అయిపోతుందా?" అని అడిగితే టైలర్ గారు నోట్లో గుండుసూదులు పెట్టుకుని తల అటూ ఇటూ ఆడిస్తారు. ఏంటండీ దాని అర్థం? రేపు రమ్మనా, వస్తే తిడతాననా? బ్యాంకులో అయితే అదీ లేదు, గడ్డం ఒక్కసారి పక్క కౌంటర్ వైపు ఎగరేస్తారు, అంతే, మనమే అర్థం చేసుకుని పోవాలి.

ఇక ఆఫీసులో వీడియో కాల్. అమెరికా క్లయింట్ "శుక్రవారానికి ఇస్తారా" అంటాడు, మావాళ్ళు తలాడిస్తారు, సగంమంది కెమెరా ఆపేసి మరీ! కనిపించిన వాళ్ళని చూసి ఆయన కాదంటున్నారనుకుంటాడు, టెన్షన్ నాకు. పైగా ఇంకొందరు క్లయింట్లకి ఎవరో ట్రైనింగ్‌లో "ఇండియన్లు తల అడ్డంగా ఊపితే అవునని" అని నేర్పారట. అయ్యా, మెడ తిప్పి అడ్డంగా ఊపితే మాకూ కాదనే! చెవి భుజం వైపు వాల్చి ఆడిస్తేనే సరే అని. అది కూడా ఒక్కోసారి "వింటున్నాలే, కానివ్వు" అని మాత్రమే.

బల్గేరియాలో తల నిలువుగా ఊపితే కాదని అర్థం. గ్రీసులో తల వెనక్కి ఎగరేస్తే కాదని. వింతే, కానీ కనీసం ఒక మాట మీద ఉంటారు. మనవాళ్ళకేమో పొద్దున ఊపిన తలకి సాయంత్రం అర్థం మారిపోతుంది, అడిగితే "నేనెప్పుడు సరే అన్నాను?" అంటారు!