బుద్ధుడు ఏడవొద్దన్నాడా?

మా స్నేహితుడి నాన్నగారు పోయిన నాలుగో రోజున అతని ఫోన్లో ఒకే మెసేజ్ మూడు గ్రూపుల నుంచి వచ్చి పడింది. మీరూ చూసే ఉంటారు. కళ్లు మూసుకున్న బుద్ధుడి బొమ్మ, కింద నాలుగు ముక్కలు. చావు లేని ఇల్లు లేదని ఆవగింజల కథే చెబుతోంది కాబట్టి ఏడవడం అజ్ఞానమట. ప్రేమే దుఃఖానికి మూలమట. చావు గురించి ఆలోచించకుండా ఈ క్షణంలో బతకాలట. పోయినవాళ్ల పేరిట ఏం చేసినా దండగేనట. ఇవన్నీ బుద్ధుడే చెప్పాడట. "నేను ఏడుస్తున్నాను కదా, తప్పా?" అని అడిగాడు అతను. పంపినవాళ్లది మంచి మనసే అయి ఉండొచ్చు. అయినా ఒక్కో ముక్కా తీసి చూడాల్సిందే.

ముందు ఆవగింజలు. ఈ కథ బుద్ధుడి సుత్తాల్లో, అంటే ఆయన ప్రవచనాల్లో లేదు, వాటికి శతాబ్దాల తర్వాత కూర్చిన అట్ఠకథల్లో, అంటే వ్యాఖ్యానాల్లో ఉంది. అది పెద్ద అభ్యంతరమేం కాదు, కథ గొప్పదే. కానీ కథలో ఏం జరిగిందో చూడండి. కిసాగోతమి చనిపోయిన బిడ్డను చంకనేసుకుని మందు కోసం ఇల్లిల్లూ తిరుగుతోంది. జనం పిచ్చిదని నవ్వారు. బుద్ధుడు మాత్రం "నీ బిడ్డ పోయాడమ్మా, అందరూ పోయేవాళ్లే" అనలేదు. మందు ఉందన్నాడు, చిటికెడు ఆవాలు తెమ్మన్నాడు. ఎవరూ చావని ఇంటి నుంచి తేవాలని షరతు పెట్టాడు. ఆవాలు మొదటి ఇంట్లోనే దొరికాయి. ఇచ్చేవాళ్లను "మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడగాల్సి వచ్చింది, అంతే. ఉన్నవాళ్ల కంటే పోయినవాళ్లే ఎక్కువ అన్నారు వాళ్లు. అలా గడప గడపకీ తిరిగి తానే తెలుసుకుంది. బిడ్డను తానే అడవిలో దించి వచ్చింది. ఆమెను చూసి అప్పటిదాకా నవ్విన ఊరే, ఆ ఒక్క ప్రశ్న అడిగేసరికి తన చావుల లెక్క ఆమెకు చెప్పింది. మెసేజ్ ఏం చేస్తోందంటే, ఈ తిరుగుడంతా కొట్టేసి చివరి వాక్యాన్ని మాత్రం ఏడుస్తున్న మనిషి మొహాన కొడుతోంది.

రెండోది, ఏడవడం అజ్ఞానమన్నది. దీనికి కొంత ఆధారం లేకపోలేదు. ఏడుపు వల్ల పోయినవాళ్లకు ఒరిగేదేమీ లేదని, ఏడ్చేవాడే చిక్కి పాలిపోతాడని సుత్తనిపాతంలోని సల్ల సుత్తం సూటిగానే అంటుంది. అయితే తన కళ్ల ముందు ఒకరు ఏడుస్తున్నప్పుడు బుద్ధుడు ఏం చేశాడో మహాపరినిబ్బాన సుత్తంలో ఉంది. కుశీనగరంలో ఆయన చివరి ఘడియల్లో, ఎప్పుడూ వెంట ఉండి సేవ చేసిన శిష్యుడు ఆనందుడు విహారంలోకి వెళ్లి, ద్వారబంధం పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాడు. తానింకా నేర్చుకోవలసినవాడినేనని, తన మీద దయగల గురువు వెళ్లిపోతున్నాడని. ఆనందుడు కనబడకపోయేసరికి బుద్ధుడు ఎక్కడని అడిగి పిలిపించాడు. "వద్దు ఆనందా, శోకించకు" అన్నాడు, నిజమే. ఇష్టమైనవాటి నుంచి విడిపోక తప్పదని ఇదివరకే చెప్పాను కదా అని గుర్తుచేశాడు. అక్కడితో ఆపలేదు. ఇన్నేళ్లూ చేతల్లో, మాటల్లో, మనసులో ప్రేమతో తనకు సేవ చేశావన్నాడు, గొప్ప పుణ్యం చేసుకున్నావన్నాడు. తర్వాత భిక్షువులందరి ముందూ ఆనందుడి సుగుణాలు ఎంచి చెప్పాడు. చావుకు సిద్ధమై పడుకున్న మనిషి, ఏడుస్తున్న మనిషిని పొగుడుతున్నాడు! "శోకించకు" అన్న మాటను ఇందులోంచి కోసి ఫార్వర్డ్ చేస్తే మిగిలేది గద్దింపే.

ప్రేమ సంగతి. రెండో ఆర్యసత్యం దుఃఖానికి కారణంగా చెప్పింది తణ్హను, అంటే తృష్ణను. తల్లి తన ఒక్కగానొక్క కొడుకును ప్రాణం అడ్డువేసి కాపాడుకున్నట్టు సమస్త ప్రాణుల పట్ల మైత్రి పెంచుకోమన్న మెత్త సుత్తం కూడా ఆ సాహిత్యంలోదే. ప్రేమే రోగమైతే దాన్ని కొలమానంగా పెడతారా?

మెసేజ్ రాసినవాళ్లకు పియజాతిక సుత్తం గుర్తుండి ఉండొచ్చు. అందులో కొడుకు పోయిన తండ్రితో, ప్రియమైనవాటి నుంచే శోకం పుడుతుందని బుద్ధుడు అంటాడు. ఆ తండ్రి ఒప్పుకోడు. ప్రియమైనవాటి నుంచి వచ్చేది ఆనందం కదా అని విసుక్కుని లేచిపోతాడు. తర్వాత ఇదే మాట మీద ప్రసేనజిత్తు మహారాజుకీ మల్లికా రాణికీ వాదన వస్తుంది. "మన వజిరి అంటే మీకు ఇష్టమేనా?" అని కూతురి పేరెత్తి అడుగుతుంది ఆమె. ఇష్టమే అంటాడు. "దానికేమైనా అయితే మీకు దుఃఖం కలగదా?" నా బతుకే తలకిందులవుతుంది, దుఃఖం ఎందుకు కలగదు అంటాడు రాజు. అంతే, వాదన తేలిపోయింది. బుద్ధుడు చెప్పింది ఇదేనంది రాణి. వజిరిని ప్రేమించడం మానేయమని ఆమె అనలేదు, సుత్తమూ అనదు.

చావు గురించి ఆలోచించొద్దన్నది పూర్తిగా తలకిందులు. ముసలితనం, రోగం, మరణం, ఇష్టమైనవాళ్లతో ఎడబాటు, నా కర్మకు నేనే వారసుణ్నన్న సంగతి, ఈ ఐదింటినీ ఆడా మగా, గృహస్థులూ సన్యాసులూ అందరూ తరచూ తలుచుకోవాలని అంగుత్తర నికాయం అనే సుత్తాల సంకలనం చెబుతుంది. మరణస్మృతి అంటూ విడిగా ఒక సాధనే ఉంది. కాకపోతే అది ఎవరికి వాళ్లు, ఒంట్లో బాగున్న రోజుల్లో చేసుకునే హోంవర్క్. పక్కవాడి ఇంట్లో శవం లేచిన వారంలో అతనికి పెట్టే పరీక్ష కాదు.

దండగ అన్నదానికి రెండు ముక్కలు చాలు. సిగాలోవాద సుత్తంలో పిల్లలు తల్లిదండ్రుల పట్ల చేయవలసినవి ఐదు చెప్పారు. వాళ్లు పోయాక వాళ్ల పేరిట దానం చేయడం అందులో ఐదోది.

మా వాడికి ఇదంతా పంపలేదు, అంత చదివే ఓపిక అప్పుడు ఎవరికుంటుంది? ఒక్క సంగతి మాత్రం రాశాను. తన ముఖ్య శిష్యులు సారిపుత్తుడు, మొగ్గల్లానుడు ఇద్దరూ పోయాక గంగ ఒడ్డున ఉక్కాచేల అనే చోట బుద్ధుడు నిశ్శబ్దంగా కూర్చున్న సంఘాన్ని చూసి, వాళ్లు లేక ఈ సభ నాకు ఖాళీగా ఉన్నట్టనిపిస్తోంది అన్నాడని.

"మరి ఆయన ఏడ్చాడా?" అని జవాబు వచ్చింది.

లేదు అని రాశాను. శోకించలేదనే ఉంది అక్కడ. ఖాళీగా ఉందని మాత్రం అందరి ముందూ అన్నాడు.